తలక్రిందులైన భయము

మనుష్యునకు భయము కొంత ఆవశ్యకమే. నిప్పును చూచి భయపడనివాడు కాలును. పామును చూచి భయపడనివాడు కాటు తినును. కాని భయపడవలసినచోట నిర్భయముగా నుండి, భయపడనక్కరలేనిచోట వణకువానిని ఆ భయము రక్షింపజాలదు. పైగా రెండు విధముల చెరుపును. నొప్పిని తగ్గించు మందుల విషయమున మన కుటుంబముల స్థితి నేడు సరిగా ఇట్లే యున్నది. ఈ మాట కఠినముగా తోచవచ్చును. కావున మేము కన్నులార చూచిన రెండు సంగతులను ముందు చెప్పి, పిమ్మట మా వాదమును విన్నవించెదము.

మా వీధిలో ఒక యింట డెబ్బది యేండ్లు దాటిన మామ్మగారు కలరు. మోకాళ్ల నొప్పి ఆమెకు చిరకాలముగా నున్నది. ఒక వైద్యుడు పది దినములకని వ్రాసి యిచ్చిన చీటితో ట్రమడాల్ మాత్రలు తెచ్చిరి. పది దినములు పది నెలలైనవి. చీటి నలిగి చినిగినది గాని మాత్రలు మానలేదు. మనుమడు దుకాణమునకు పోయి ఖాళీ అట్టను చూపును. దుకాణదారుడు మారుమాటాడక క్రొత్త అట్ట నిచ్చును. ఆమె నిద్రకై మరియొక వైద్యుడు వ్రాసిన వేరొక మాత్రను గూడ రాత్రులయందు వేసికొనుచుండెను. మొదటి మందు సంగతి రెండవ వైద్యునకు తెలియదు. రెండవ మందు సంగతి మొదటి వైద్యునకు తెలియదు. ఒకనాటి తెల్లవారుజామున మంచము దిగి నాలుగడుగులు వేయకముందే ఆమె కన్నులు తిరిగి పడి, తుంటి యెముక విరుగగొట్టుకొనెను. "మోకాలి నొప్పికి మాత్ర వేసుకుంటే తుంటి విరగడమేమిటి మాస్టారూ, మా గ్రహచారం కాకపోతే!" అని ఆమె కుమారుడు మాతో ననెను. ఇందులో గ్రహముల దోషము కొంచెమును లేదు.

ఆ సంవత్సరముననే, అదే వీధిలో నాలుగిండ్ల యవతల, మా తోడి యుపాధ్యాయుడొకడు పేగులలోని క్యాన్సరుతో మంచము పట్టెను. రోగము ముదిరినదనియు, ఇక చేయవలసినది బాధ లేకుండ చూచుటయే యనియు వైద్యులు చెప్పి, నాలుగు గంటల కొకటి చొప్పున మార్ఫిన్ మాత్రలు వ్రాసి యిచ్చిరి. ఆ పేరు వినగానే ఇంటిల్లిపాది నల్లబోయిరి. "అది మత్తుమందు; ఒకసారి పట్టుకుంటే వదలదు" అని యొక బంధువు; "అది చివరి ఘడియల్లో ఇచ్చే మందు; ఇచ్చామంటే మనమే ప్రాణం తీసినట్టు" అని మరియొకడు. మాత్రల డబ్బా బీరువాలో చీరల మడతల క్రిందికి చేరినది. మూడు వారములు ఆయన తువ్వాలును పండ్ల నడుమ బిగించి మూలుగుచుండగా వీధిలోని మేమందరము తలుపులు మూసికొంటిమి. పండ్రెండవనాడు ఆ యిల్లాలు డబ్బాను తెచ్చి మాకు చూపెను. ఖర్చయినవి నాలుగు మాత్రలు. "అలవాటైపోతారేమోనని భయపడ్డామండీ" అని ఆమె గోలున నేడ్చెను. అలవాటు పడుటకు ఆయనకు మిగిలియుండిన కాలమెంత?

ఆ రెండిండ్లవారును చదువుకొన్నవారు. పెద్దలయెడ ప్రేమ గలవారు. ఒక యింట నొక మందును పిప్పరమెంటు బిళ్లలవలె పంచిపెట్టిరి. రెండవ యింట నొక మందును విషమువలె దాచిపెట్టిరి. ఈ రెండును ఒక్క జాతి మందులే యని వారిలో నెవ్వరికిని తెలియదు. తెలిసియుండినచో ఒకచోట కొంత జాగ్రత్తయు, ఒకచోట కొంత ధైర్యమును కలిగియుండెడివి. ఆ తెలివిని కలిగించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

గసగసాల మొక్క పచ్చికాయను గాటు పెట్టగా కారు పాలు గడ్డకట్టి నల్లమందగును. సంస్కృతమున దీనిని అహిఫేన మందురు. పాము నురుగని అర్థము. ఈ పేరును చూచి, ఇది మన ఋషులు కనుగొన్న దివ్యౌషధమని మురియువారు కొందరు కలరు. చరక సుశ్రుతుల గ్రంథములయందిది కానరాదు. శార్ఙ్గధరుడు మొదలగు తరువాతివారి గ్రంథములలోనే కానవచ్చును. గ్రీకుల ఓపియాన్ అను మాట అరబ్బుల నోట అఫ్యూన్ అయి, వర్తకులతో మన దేశమునకు వచ్చి, ఇచ్చట సంస్కృతపు శాలువ కప్పుకొన్నదని పండితుల యభిప్రాయము. మందు మనదా పరాయిదా యను వాదముతో రోగికి పనిలేదు. అది యేమి చేయునో తెలిసిన చాలును.

పందొమ్మిదవ శతాబ్ది తొలియేండ్లలో సెర్టూర్నర్ అను జర్మను యువకుడు, మందుల దుకాణములో పనిచేయుచు, నల్లమందునుండి దాని సారమును వేరుచేసి, గ్రీకుల స్వప్నదేవత పేరున మార్ఫియము అని పిలిచెను. అదే నేటి మార్ఫిన్. 1898లో బేయరు కంపెనీవారు మార్ఫిన్‌ను కొంచెము మార్చి, వ్యసనము కలిగింపని దగ్గుమందని చెప్పి, హెరాయిన్ అను పేరుతో అంగడికి తెచ్చిరి. ఆ దగ్గుమందు లోకమున కేమి చేసినదో వేరుగ చెప్పనక్కరలేదు. ట్రమడాల్ గసగసాల పాలనుండి వచ్చినది కాదు. రసాయనశాలలో పుట్టి, 1977లో పశ్చిమ జర్మనీలో అమ్మకమునకు వచ్చినది. "ఇది బలహీనమైనది, కావున నిరపాయకరమైనది" అను పేరు దీనికిని వచ్చెను. ఈ జాతిలో పుట్టిన ప్రతి క్రొత్త మందును మొదట సాధుజంతువనియే పరిచయము చేయుట వైద్యచరిత్రలో పరిపాటియైనది. కోరలున్నవని తెలియుటకు తరువాత కొన్నియేండ్లు పట్టుచున్నది.

ఈ మందులు పనిచేయు తీరును క్లుప్తముగా తెలిసికొందము. మెదడులోను వెన్నుపాములోను నొప్పిని అణచు గ్రాహకములు కలవు. నల్లమందు జాతి మందులు తాళములో చెవివలె వానియందు కుదురుకొని నొప్పిని తగ్గించును. కాని ఆ జాతి గ్రాహకములే ఊపిరిని నడపు కేంద్రమునందును, పేగులయందును, సుఖానుభవమును కలిగించు తావులయందును కలవు. కాబట్టి నొప్పి తగ్గుటతోపాటు మలబద్ధము, మగత, వికారము కలుగును. మోతాదు మించినచో ఊపిరి మందగించి నిలిచిపోవును. ఒకే చెవితో నాలుగు తలుపులు తెరచుకొనునప్పుడు ఆ చెవిని ఎవరి చేతి కీయవలెను, ఎంతసేపీయవలెను అని యాలోచింపక తప్పదు.

మొదట భయపడనక్కరలేని చోటును గూర్చి చెప్పెదము. శస్త్రచికిత్స జరిగిన మొదటి దినములయందును, ఎముకలు విరిగిన పెద్ద దెబ్బలయందును, కాలిన గాయములయందును, అన్నిటికంటె ముఖ్యముగా ముదిరిన క్యాన్సరునందును ఈ మందులకు సాటివచ్చునవి మిక్కిలి యరుదు. క్యాన్సరు బాధకు మెట్లు మెట్లుగా మందులీయు పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1986లోనే ప్రకటించెను. నోటితో మ్రింగు మార్ఫిన్ మాత్ర చౌకగా తయారగును. వాడుట నేర్చిన వైద్యుడుండిన ఇంటివద్దనే ఈయవచ్చును. ఐనను దానికి మనవారు మూడు ఆక్షేపణలు చెప్పుదురు.

వ్యసనమగునని మొదటి ఆక్షేపణ. ఇందు రెండు వేరు విషయములను కలిపివేయుచున్నారు. కొన్ని వారములు వాడిన పిమ్మట దేహము మందునకు అలవాటుపడుట యొకటి. మందుకొరకు బుద్ధిని, బంధువులను, మర్యాదను విడిచి వెంపరలాడుట యొకటి. మొదటిది కొంతకాలము వాడిన వారిలో సామాన్యముగా కలుగునది. వైద్యుడు మోతాదును క్రమముగా తగ్గించిన సర్దుకొనును. రెండవది వ్యాధి. క్యాన్సరు బాధకు సరియైన మోతాదులో మందు పుచ్చుకొనువారిలో ఈ రెండవది మిక్కిలి యరుదు. కేరళమున కోఝికోడులో 1993లో ఆరంభమైన ఉపశమన చికిత్సా సంఘమువారు నోటి మార్ఫిన్‌ను రోగుల యిండ్లకే యిచ్చి పంపిరి. అట్లు చికిత్స పొందిన 1,723 మందిని గూర్చి రెండేండ్లు పరిశీలింపగా మందు దారి తప్పినట్లు కనబడలేదని 2001లో లాన్సెట్ పత్రికలో ప్రకటితమయ్యెను. బీరువాలో దాచిన ఆ యిల్లాలికి ఈ యొక్క సంగతి ముందు తెలియకపోయెనే యని మాకు నేటికిని చింత.

ఆయుష్షు తగ్గునని రెండవ ఆక్షేపణ. కొద్ది మోతాదుతో మొదలిడి, నొప్పిని బట్టి పెంచుచు పోవునప్పుడు మార్ఫిన్ మరణమును త్వరపెట్టదని ఉపశమన వైద్యుల అనుభవమును, పరిశోధనలును చెప్పుచున్నవి. చివరి గడియలలో మాత్రమే యిచ్చుట మన యాచారమగుటచేత, మార్ఫిన్ ఇచ్చిన వెంటనే రోగి పోయినట్లు కనబడుచున్నది. చివరి బస్సెక్కినవాడు చీకటిలో దిగినచో చీకటిని బస్సు తెచ్చినదందుమా?

బాధ పూర్వకర్మఫలము, అనుభవించియే తీరవలెనని మూడవ ఆక్షేపణ. ఇది మిగిలిన రెంటికంటె హేయమైనది. ఏలయన మొదటి రెండును తెలియక పలుకునవి, ఇది తెలిసియు పలుకునది. ఈ మాట నెవ్వడును తన పంటినొప్పి విషయమున పలుకగా మేము వినలేదు. మంచముపై నున్నవాడు పరుడైనప్పుడే ఈ వేదాంతము నోటికి వచ్చును. రోగి బాధ కర్మఫలమైనచో, గసగసాల మొక్కయు దాని సారమును తీసిన బుద్ధియు ఎవని సృష్టి? దుఃఖితుని దుఃఖమును తొలగించుట ధర్మమని ప్రతిదినమును బడిలో పిల్లలకు చెప్పుచు, ఇంటికి వచ్చి కర్మసిద్ధాంతమును దిండుగా రోగి నోట కుక్కుట మాకు సమ్మతము గాదు.

తప్పు ఇంటివారియందే యున్నదనుట న్యాయము గాదు. 1985లో చేసిన మాదకద్రవ్యముల చట్టము దొంగవర్తకులను పట్టుకొనుటకు పుట్టి, వైద్యులను హడలగొట్టెను. అనుమతి పత్రము లనేకములు. ఒక్కదాని గడువు తీరులోపల మరియొకటి చేతికి రాదు. లెక్క తప్పిన కారాగారము. తత్ఫలితముగా దేశమున వైద్యమునకై ఖర్చగు మార్ఫిన్ నూటికి 97 వంతులు తగ్గి, 1997 నాటికి 18 కిలోగ్రాములకు దిగజారెను. ఇంత పెద్ద దేశమునకు 18 కిలోలు! మధ్యప్రదేశ్, రాజస్థాన్, ఉత్తరప్రదేశ్ రాష్ట్రములలో ప్రభుత్వపు అనుమతితోనే గసగసాల పంట పండుచుండెను. ఘాజీపూరు, నీమచ్ కర్మాగారములనుండి నల్లమందు విదేశముల మందుల కంపెనీలకు పోవుచుండెను. ధాన్యము నెగుమతి చేసి తాను పస్తుండువాని కథ ఇదియే. పెక్కేండ్లు వైద్యులు, దయాళువులు పోరాడగా 2014లో ఆ చట్టమును సవరించిరి. మార్ఫిన్ మొదలగు ఆరు మందులను అత్యవసర మాదకౌషధములుగా గుర్తించి, పలు అనుమతుల స్థానమున ఒకే విధానమును ఏర్పరచిరి. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రియందు ఉపశమన చికిత్సకు ప్రత్యేక విభాగము కలదు. చట్టపు గడియ కొంత వదులైనది. ఇంటి బీరువా గడియ ఇంకను వదులు కాలేదు.

ఇక రెండవ వైపు చూతము. మోకాలి కీళ్ల అరుగుదల, నడుము నొప్పి, మెడ నొప్పి: ఇవి మూడు నెలలకు మించి, ఒక్కొక్కప్పుడు జీవితాంతమును వెంటనుండునవి. ఇట్టి దీర్ఘకాలపు నొప్పికి నల్లమందు జాతి మందులు ప్రతిదినమును వాడుటవలన మేలెంత? మేలు మిక్కిలి తక్కువయని పరిశోధనలు చెప్పుచున్నవి. 2018లో అమెరికాలో 240 మందిపై జరిగిన పరిశోధనమున నడుము, మోకాలు, తుంటి నొప్పులు గలవారిని రెండు తెగలుగా చేసి, ఒక తెగకు మార్ఫిన్, ఆక్సీకోడోన్ వంటివియు, రెండవ తెగకు సామాన్యపు నొప్పిమందులును ఇచ్చి, సంవత్సరము పాటు చూచిరి. రెండవ తెగలో ఇతర మందులు చాలని కొద్దిమందికి మాత్రము కడపటి మెట్టుగా ట్రమడాల్ ఇచ్చిరి. ఏడాది గడచునప్పటికి దినచర్య జరుపుకొనుటలో మొదటి తెగవారికి అధికమైన మేలేమియు కలుగలేదు. నొప్పి సామాన్యపు మందులు వాడిన వారికే కొంచెము తక్కువగా నుండెను. మందువలన బాధలు మొదటి తెగవారికే హెచ్చయ్యెను. కీళ్ల అరుగుదలకు ట్రమడాల్ వాడుటను గూర్చిన పరీక్షలన్నిటిని 2019లో కోక్రేన్ సంస్థవారు కూర్చి చూచి, ఉత్తుత్తి మాత్రకంటె దానివలన చెప్పుకోదగిన మేలు లేదనియే తేల్చిరి. కొందరు రోగులకు కొంతకాలము మేలు కలుగునని మేము కాదనము. ఇతర మార్గములు విఫలమైనప్పుడు, వైద్యుడు గడువు పెట్టి, పరీక్షించుచు ఇచ్చినచో అది న్యాయమైన వాడుకయే. మా పోరాటము గడువు లేని వాడుకతో.

ట్రమడాల్ చేయు కీడులను ఇల్లాండ్రు తెలిసికొనుట మంచిది. తల తిరుగుట, వాంతి, మలబద్ధము సామాన్యములు. వృద్ధులకు తూలిపడుట ముఖ్యమైన యపాయము. మూర్ఛరోగము గలవారికిని, మోతాదు మించినవారికిని ఫిట్సు రావచ్చును. మనోవ్యాకులతకు వాడు కొన్ని మందులతో కలిసినచో రక్తపుపోటు, జ్వరము, వణకు, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము కావచ్చును. నిద్రమాత్రలతో గాని, మద్యముతో గాని కలిసినచో ఊపిరికి ముప్పు. పెద్దవారికి సైతము దినమునకు 400 మిల్లీగ్రాములు మించరాదు; 75 ఏండ్లు దాటినవారికిని, మూత్రపిండములు చెడినవారికిని ఇంకను తక్కువ. మరియొక విశేషము కలదు. ఈ మందును మన కాలేయము వేరొక బలమైన పదార్థముగా మార్చును. ఈ మార్పు అందరియందును ఒకే తీరున జరుగదు. పుట్టుకతో కొందరికి మందముగను, కొందరికి అతివేగముగను జరుగును. అందుచేత అన్నకు పనిచేయని మాత్ర తమ్మునికి విషమగుట సంభవము. పండ్రెండేండ్లలోపు పిల్లలకిది ఈయరాదని 2017లో అమెరికా ఔషధ శాఖవారు హెచ్చరించుటకు కారణమిదే; పాలిచ్చు తల్లులు వాడరాదనియు అప్పుడే చెప్పిరి. "మా అత్తగారికి బాగా పనిచేసింది, మీరు కూడా ఒకటి వేసుకోండి వదినా" అని పొరుగింటికి మాత్ర నిచ్చు దానశీలురు ఈ సంగతిని జ్ఞాపకముంచుకొందురు గాక.

చట్టము లేకపోలేదు. ట్రమడాల్‌ను 2013లో ప్రకటించిన హెచ్-1 పట్టికలో చేర్చి, చీటి లేనిదే అమ్మరాదనియు, కొన్నవారి వివరములను వేరు పుస్తకమున వ్రాసి యుంచవలెననియు విధించిరి. 2018 ఏప్రిలులో దానిని మాదకద్రవ్యముల చట్టము క్రిందికి గూడ తెచ్చిరి. ఇంత కట్టుదిట్టముండగా ఖాళీ అట్ట చూపినంతమాత్రమున క్రొత్త అట్ట ఎట్లు వచ్చుచున్నది? దుకాణదారునికి లాభము, వైద్యునికి తీరికలేమి, మనకు సోమరితనము. ఈ ముగ్గురి యొడంబడికతో చట్టము కాగితముపై నిదురించుచున్నది. రోగి మరల రాకుండుటయే తీరికయని తలచు వైద్యుని, రోగి మరల మరల వచ్చుటయే లాభమని తలచు వర్తకుని నిందించుట సులభము. కాని అట్టను చేతబట్టుకొని పోవునది మన పిల్లవాడు, పంపునది మనము.

ఇచ్చట మా మనస్సును మిక్కిలి కలచు విషయ మొకటి చెప్పవలెను. ఈ మాత్రలు ఎవరికొరకు కొనబడుచున్నవో విచారింపుడు. ఒక యింటి కోడలు నడుము నొప్పియని చెప్పును. తెల్లవారకముందే లేచి, వంగి ఊడ్చి, నీళ్లు మోసి, పిల్లలను బడికి పంపి, ఉద్యోగమునకు పోయి, వచ్చి మరల పొయ్యివద్ద నిలువబడు స్త్రీకి నడుము నొప్పి రాక మరేమి వచ్చును? ఆమెకు కావలసినవి కొంత విశ్రాంతి, కొంత వ్యాయామము, పనిలో పాలుపంచుకొను రెండు చేతులు. వీనిలో నొక్కటియు ఇంటివారికి చౌక కాదు. మాత్ర చౌక. మాత్ర వేసికొని ఆమె మరల లేచి పనిచేయును. ఇంటివారు "మందు బాగా పనిచేసింది" అని సంతోషింతురు. ఆ మాత్ర ఆమె నొప్పిని మాన్పలేదు. నొప్పిని చెప్పు నోటిని మాత్రము మూసినది. కొన్ని నెలలైన పిమ్మట మాత్ర లేనిదే ఆమె లేవజాలదు. అప్పుడు అదే నోళ్లు ఆమెను "మాత్రలకు అలవాటు పడిందండీ" అని దూషించును. స్త్రీవిద్య, స్త్రీస్వాతంత్ర్యము అని సభలలో పలుకు మనము ఈ యన్యాయమును మన వంటయింటిలో చూడలేకున్నాము.

అమెరికా దేశము ఈ దారిని మనకంటె ముందు నడచి చూపినది. 1980లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ అను పత్రికలో అయిదు వాక్యముల లేఖ యొకటి పడెను. ఆసుపత్రిలో ఈ జాతి మందులు పొందిన 11,882 మందిలో వ్యసనము స్పష్టముగా కనబడినవారు నలుగురేయని దాని సారాంశము. ఆసుపత్రి మంచముపై వైద్యుల కన్నుల యెదుట జరిగిన చికిత్సను గూర్చి చెప్పిన మాటను, ఇంటివద్ద ఏండ్ల తరబడి మ్రింగు మందుకును సాక్ష్యముగా వాడుకొనిరి. ఆ లేఖను 600 సార్లకు పైగా ఇతర వ్యాసకర్తలు ఉదాహరించిరని 2017లో ఆ పత్రికయే వెల్లడించెను. 1996లో పర్డ్యూ కంపెనీవారు ఆక్సీకాంటిన్ అను మాత్రను అంగడికి తెచ్చి, వ్యసనభయము స్వల్పమని వైద్యులకు నూరిపోసిరి. ఆ మందును గూర్చి తప్పుదారి పట్టించితిమని 2007లో న్యాయస్థానమున నేరము నొప్పుకొనిరి. ఆ సరికి అగ్ని అంటుకొన్నది. మాత్రలకు మరిగినవారు హెరాయిన్‌కును, పిమ్మట దొంగచాటుగా తయారగు ఫెంటనిల్‌కును పోయిరి. 2021లో ఆ దేశమున ఈ జాతి మందుల మోతాదు మించి 80,000 మందికి పైగా మరణించిరి.

కాని అమెరికా చరిత్రలో రెండవ పాఠము కూడ కలదు. దానిని చెప్పక విడుచుట పక్షపాతము. వెఱచిన వైద్యులు అనేకులు ఏండ్ల తరబడి మందు వాడుచున్న రోగులకు ఒక్కసారిగా మాన్పించిరి. దానిచేత రోగులు తీవ్రబాధలు పడిరనియు, కొందరు ఆత్మహత్యకు గూడ తలపడిరనియు 2019లో అక్కడి ఔషధ శాఖవారే హెచ్చరిక చేయవలసివచ్చెను. విచ్చలవిడితనము తప్పు, దానికి విరుగుడుగా చేసిన క్రౌర్యమును తప్పే. మనలో ఎవరైన ఈ వ్యాసమును చదివి, నేడే తల్లి చేతిలోని మాత్రలను లాగి పారవేసినచో వారు మా యుద్దేశమును గ్రహింపనివారే. నెలల తరబడి వాడినవారికి మాత్రలను వైద్యుని సలహాతో కొంచెము కొంచెముగా తగ్గింపవలయును. ఒక్కసారి మానినచో చెమటలు, విరేచనములు, ఒళ్లునొప్పులు, నిద్రలేమి, ఆందోళన కలుగును. వానిని చూచి నొప్పి తిరుగబెట్టినదని భ్రమపడి మరల మొదలిడుదురు.

పరదేశపు కంపెనీలను తిట్టి మనము పవిత్రులమని యనుకొనుటకును వీలులేదు. మన దేశమున తయారైన టాపెంటడాల్, కారిసోప్రొడాల్ కలిపిన మాత్రలు పశ్చిమాఫ్రికా వీధులలో మత్తుకొరకు అమ్ముడగుచున్నవని పత్రికలవారు బయటపెట్టగా, 2025 ఫిబ్రవరిలో మన ప్రభుత్వము వాని తయారీకిని ఎగుమతికిని అనుమతులను ఉపసంహరించెను. మన రోగికి మార్ఫిన్ అందనీయని దేశమే పరుల పిల్లలకు మత్తుమాత్రలు పంపినది. భయము తలక్రిందులగుట ఇండ్లకే గాక రాజ్యములకును కలదు.

ఇక చేయవలసిన దేమి? వైద్యుడు నొప్పిమందు వ్రాసినప్పుడు నాలుగు ప్రశ్నలు నిర్భయముగా అడుగవలయును: ఇది నల్లమందు జాతిదా? ఎన్ని దినములకు? ఇప్పుడు వాడుచున్న యితర మందులతో పడునా? మానవలసినప్పుడు ఎట్లు మానవలయును? ప్రశ్నించిన కోపగించు వైద్యుడు మారదగినవాడు. ఇంటిలోని మందులన్నియు ఒక కాగితమున వ్రాసి ప్రతి వైద్యునకును చూపవలయును. ఈ మాత్రలను పిల్లలకందని చోట తాళము వేసి యుంచవలయును. ఒకరివి వేరొకరి కీయరాదు. చీటి లేనిదే తేరాదు. మందు వాడు మనిషి లేపినను లేవక, ఊపిరి మందగించి, పెదవులు నీలమైనచో వేడినీళ్లు, ఉల్లిపాయలు అని కాలయాపన చేయక ఆసుపత్రికి చేర్పవలయును. నలాక్సోన్ అను విరుగుడు మందు అక్కడ కలదు. మోకాలి నొప్పికి తొడ కండరములకు బలమిచ్చు వ్యాయామము, బరువు తగ్గుట, నడక, ఫిజియోథెరపీ నిదానముగనైనను నిజముగా మేలు చేయునవి. ఇవి మాత్రవలె గంటలో ఫలమీయవు. కాని తుంటి విరుగగొట్టవు.

క్యాన్సరు వంటి వ్యాధిలో వైద్యుడు మార్ఫిన్ వ్రాసినచో దానిని వేళకు, మోతాదు తప్పక ఈయవలయును. నొప్పి మితిమీరువరకు నిలిపి యుంచరాదు. మలబద్ధమునకు మందును మొదటి దినమునుండియే యడిగి తెచ్చుకొనవలయును. మన జిల్లా ఆసుపత్రిలో మార్ఫిన్ కలదా యని విచారించి, లేనిచో ఏల లేదని వ్రాసి యడుగుట చదువుకొన్నవారి విధి. గుడికి గోపురము కట్టించు చందాలలో పదవవంతు ఉపశమన చికిత్సకు పోయినచో ఎన్ని యిండ్లలో రాత్రులు నిదురతో గడచునో!

మామ్మగారు నేడు చేతికఱ్ఱతో నడచుచున్నారు. ఆమె మాత్రలను వైద్యుడు రెండు నెలలలో మెల్లమెల్లగా తగ్గించి మాన్పించెను. నొప్పి ముందున్నంతయే యున్నదని ఆమెయే చెప్పుచున్నారు. అనగా ఆ పది నెలల మాత్రలు ఆమె కిచ్చినది విరిగిన తుంటి మాత్రమే. మా తోడి యుపాధ్యాయుని యిల్లాలు మిగిలిన మాత్రలను ఆసుపత్రికి తిరిగి యిచ్చివైచెను. ఆమెను మేము దూషింపము. మాకును అప్పుడు తెలియదు. తెలిసియుండిన ఆ తలుపులు మూసికొని కూర్చుండెడివారము కాము. తెలియనివానికి క్షమ కలదు. చదువరులారా, ఇక మనకు తెలిసినది.